ఇస్సాకు సరిచూపు

ఇస్సాకు ఏమీ లేని ఫైలును తయారుచేస్తున్నాడు. అందులో ఒక్క అక్షరం లేదు, ఖాళీ జాగా లేదు, ఎంటర్ నొక్కిన గుర్తు కూడా లేదు. పేరు మాత్రం పెట్టాడు. సైజు చూసుకున్నాడు. సున్నా. తలూపి రెండో ఫైలు తెరిచి, ఎ బి సి అని మూడంటే మూడే ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు. నాలుగోది పడకుండా కీబోర్డు మీద నుంచి చెయ్యి ఎత్తేశాడు. సైజు చూసుకున్నాడు. మూడు.

"పొద్దున్నే ఈ ఖాళీ ఫైళ్ల గోలేంటి ఇస్సాకూ?" అంది మాణిక్యాంబ కౌంటరు వెనక నుంచి. తెనాలి బోసు రోడ్డులోని ఆ డీటీపీ సెంటరు ఆవిడదే. "బల్ల మీద రెండు పెళ్లికార్డులున్నాయి, చూశావా?"

"ఖాళీ డబ్బా తూకం తెలియకుండా నెయ్యి తూచలేం కదమ్మా."

"నెయ్యి తూచేటప్పుడు నన్ను పిలువు. ఈలోపు ఆ పెళ్లికూతురి పేరు కొట్టు. పోయినసారి పెళ్లికొడుకు పక్కన వాళ్ల మేనత్త పేరు వేశారు మనవాళ్లు."

ఇస్సాకు నవ్వాడు గానీ కుర్చీలోంచి లేవలేదు. ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద రెండు వరసలు. వరసకు ముప్ఫై రెండు అంకెలూ అక్షరాలూ కలగలిసి ఉన్నాయి. మొదటి వరస ఖాళీ ఫైలుకు రావలసిన చెక్‌సమ్, అంటే ఫైలును గుర్తుపట్టే లెక్క. రెండోది ఆ మూడక్షరాల ఫైలుకు రావలసింది. ఏ దేశంలో, ఏ మిషను మీద లెక్కకట్టినా అవే రావాలి. రాలేదంటే తప్పు లెక్కకట్టినవాడిది.

తను రాసిన ప్రోగ్రామును నడిపాడు. తెర మీద రెండు వరసలు పడ్డాయి. ఒక వేలు తెర మీద, ఒక వేలు గోడ మీద పెట్టి, ఒక్కొక్క అక్షరమే పోల్చుకుంటూ వచ్చాడు. రెండూ కలిశాయి.

"తెనాలి అయింది," అన్నాడు తనలో తానే. "ఇంకా బాపట్ల, రేపల్లె."

అది రెండు వేల ఐదు అక్టోబరు. చేతిలో ఉన్నది నెలన్నర.

ఇస్సాకుది అంగలకుదురు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పదిహేనో ఏట తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజిటరుగా చేరాడు. సీసపు అచ్చుల్ని గళ్ల కేసులోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా, కుడి ఎడమలు మార్చి పేర్చే పని. పదిహేడేళ్లు ఆ పని చేశాడు. ప్రెస్సు మూతపడి, అచ్చుల్ని గోనెసంచుల్లో పోసి పాతసామాను వాళ్లు పట్టుకుపోయిన ఏడే మాణిక్యాంబ భర్త రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఇస్సాకు అక్కడికి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ నేర్పలేదు. అట్టలేని ఒక సి పుస్తకం పాతపుస్తకాల వాడి దగ్గర దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాడు. అర్థం కాని చోట కొట్టి చూశాడు. కొట్టి చూస్తే అర్థం కానిది తక్కువని అతని నమ్మకం.

ప్రెస్సులో ఉన్న రోజుల్లో అతని దగ్గర ఒక విద్య ఉండేది. పాత ప్రూఫు మీద కొత్త ప్రూఫు పెట్టి, రెండు కాగితాల్నీ కిటికీ వెలుతురుకు పట్టేవాడు. ఎక్కడ అక్షరం కదిలినా నీడ రెండుగా కనిపించేది. చదవక్కర్లేదు, వెలుతురే చెప్పేది. చెక్‌సమ్ అంటే ఏంటో బాపట్లలో వీణ మొదటిసారి చెప్పినప్పుడు అతనికి వెంటనే తోచింది అదే. ఫైలు ఎంత పెద్దదైనా మిషను దాన్ని నమిలి ముప్ఫై రెండు గుర్తులు చేస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారితే ఆ గుర్తులన్నీ మారిపోతాయి. మూడు ఊళ్లలో ఉన్న మూడు కాపీలు ఒకటేనా కాదా అని తేల్చుకోవడానికి ఇక కిటికీ దగ్గరికి వెళ్లక్కర్లేదు.

మూడు ఊళ్లూ కలిసి చేస్తున్నది కృష్ణా డెల్టా సేద్యపు మాటల నిఘంటువు. బోదె, తూము, పురి, గరిసె, ఊడ్పు, కల్లం. చెరుకుపల్లి పొలాల్లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ రైతుల నోట విని చీటీల మీద రాసుకొచ్చిన మాటలవి. చీటీలు తెనాలిలో ఇస్సాకు టైపు చేస్తాడు. రేపల్లెలో రిటైరైన తెలుగు మాస్టారు బసవేశ్వరరావు దిద్దుతారు. దిద్దినవన్నీ తుదిరూపంలో బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ సర్వరులో దాస్తారు. అక్కడ వీణ కంప్యూటరు లెక్చరరు.

మొదటి సంపుటం అచ్చయినప్పుడు నలభై పేజీలు దిద్దకముందున్న పాత రూపంలో పడ్డాయి. వెదురు గాదె ‘గరిసె’ దగ్గర గడ్డితాళ్లతో చుట్టే ‘పురి’ అర్థం వచ్చింది. రైతులు నవ్వారు. అచ్చువేసిన హైదరాబాదు సంస్థ తెనాలి వాళ్ల నిర్వాకం అంది. ఇస్సాకు మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. పదిహేడేళ్లలో అతని చేతిమీదుగా పోయిన అచ్చు ఫారంలో అంత తప్పు ఎన్నడూ లేదు.

ఇప్పుడు రెండో సంపుటం. త నుంచి హ దాకా, పదకొండు వందల పన్నెండు ఫైళ్లు. నవంబరు ముప్ఫైన సంస్థ మనిషి బాపట్ల వస్తాడు. ఆ రోజుకు మూడు ఊళ్ల కాపీలూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని చూపించాలి. లేదంటే చీటీలు పట్టుకుపోయి వాళ్ల మనుషులతోనే మళ్లీ టైపు చేయించుకుంటామని ఉత్తరం వచ్చింది. పొలంలో నీళ్లు పారే బోదెకూ కాలికొచ్చే బోదకూ తేడా తెలియని వాళ్లు ఆ చీటీలు కొడతారు. ఇస్సాకు ఐదేళ్ల పని, మాస్టారి దిద్దుబాట్లు గంగలో కలుస్తాయి.

అసలు మొదటి సంపుటానికి కూడా చెక్‌సమ్‌లు తీశారు. తీయకపోవడం కాదు జరిగింది. మూడు ఊళ్లలో మూడు రకాల మిషన్లు. తెనాలిలో విండోస్, బాపట్లలో లైనక్స్, రేపల్లెలో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు వాళ్లు వేలంలో కొన్న ఐమాక్. నల్ల తెర మీద కమాండు కొట్టి చెక్‌సమ్ తీసే పనిముట్టు మూడింట్లోనూ ఉంది. కానీ ఎవరి గోల వాళ్లది. బాపట్లది ముందు చెక్‌సమ్ చెప్పి తర్వాత ఫైలు పేరు చెబుతుంది. రేపల్లెది ముందు పేరు చెప్పి, మధ్యన ఈక్వల్ గుర్తు పెట్టి, చెక్‌సమ్ చివర చెబుతుంది. తెనాలిది పేరుకు ముందు ఒక్కోసారి నక్షత్రం పెడుతుంది, ఒక్కోసారి పెట్టదు. నక్షత్రం పెట్టనప్పుడు ఫైలును ఉన్నదున్నట్టు చదవకుండా, ప్రతి వరస చివరా విండోస్ పెట్టుకునే కనపడని గుర్తును మింగేసి లెక్కకడుతుంది. అదే ఫైలు బాపట్లలో ఆ గుర్తుతో సహా లెక్కకు వస్తుంది. ఫైలు ఒకటే, చెక్‌సమ్‌లు రెండు.

తెనాలిలో తీసిన చెక్‌సమ్‌ల పట్టికను బాపట్లలో సరిచూడబోతే ఇంకో తమాషా.

"బాబాయ్ గారూ, ఒక్క ఫైలూ లేదంటోందండి," అంది వీణ అప్పట్లో ఫోనులో.

"లేకపోవడమేంటమ్మా, నిన్న సీడీ నేనేగా ఇచ్చింది?"

"నా కళ్ల ముందే ఉన్నాయి. ఇది మాత్రం లేవంటోంది."

ప్రతి పేరు చివరా అదే కనపడని గుర్తు తోకలా వేలాడుతోంది మరి. తోకతో ఉన్న పేరు వెతికితే తోకలేని ఫైలు ఎలా దొరుకుతుంది?

చివరికి మాణిక్యాంబ స్కేలు పెట్టుకుని ఫోనులో అంకెలు చదవడం, అవతల వీణ టిక్కులు పెట్టడం. వందల కొద్దీ తేడాలు వచ్చేసరికి ముగ్గురూ విసిగిపోయి, తేడా కనిపించిన ప్రతిచోటా "అది మిషన్ల తేడాలే" అనుకోవడం మొదలుపెట్టారు. ఆ మాట మాటున నిజంగా తేడా ఉన్న నలభై ఫైళ్లు దాటుకుని వెళ్లిపోయాయి.

నాన్నా పులి అని నాలుగుసార్లు అరిస్తే ఐదోసారి ఎవరూ రారు. పనిముట్టు అబద్ధపు తేడాలు చెబుతున్నంత కాలం నిజం తేడా చెప్పినా ఎవరూ నమ్మరని ఇస్సాకుకు అప్పుడు అర్థమైంది. అందుకే ఈసారి పనిముట్టు తనే రాయాలనుకున్నాడు. ఒకే రాత. అదే మూడు మిషన్ల మీదా ప్రోగ్రాముగా మారాలి. ఏ ఫైలునైనా ఉన్నదున్నట్టు, ఒక్క బైటూ మింగకుండా చదవాలి. పట్టిక మూడు చోట్లా ఒకే తీరుగా రాయాలి. ఫైలు కలిస్తే ‘సరి’, కలవకపోతే ‘తేడా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పాలి. అంతకు మించి మాట్లాడకూడదు. దానికి పేరు కూడా ‘సరి’ అనే పెట్టాడు.

బాపట్లలో పని ఒక పూటలో అయింది. వీణ కోడు అంతా పైనుంచి కిందిదాకా చదివి, "మా పిల్లలు ఇంత శుభ్రంగా రాస్తే నేను సగం పేపర్లు దిద్దక్కర్లేదు," అంది. ఖాళీ ఫైలు కలిసింది, మూడక్షరాలది కలిసింది. ఇద్దరూ టీ తాగారు.

రేపల్లెలో మాత్రం ఎదురుదెబ్బ తగిలింది.

పొద్దున పాసింజరులో వేమూరు, భట్టిప్రోలు మీదుగా వచ్చి దిగి, ప్రెస్సుకు నడిచాడు. ఐమాక్‌తో వచ్చిన సీడీలోంచి కావలసింది ఎక్కించి, ‘సరి’ని అక్కడ తయారుచేసి, ఖాళీ ఫైలు మీద నడిపాడు. గోడ మీంచి ఊడదీసి తెచ్చిన కాగితం జేబులోంచి తీసి పోల్చాడు. ఒక్క అక్షరం కలవలేదు.

మళ్లీ నడిపాడు. మళ్లీ అదే. తప్పు కూడా ఎప్పుడూ ఒకే తప్పు. మధ్యాహ్నం దాకా కోడు మొదటి నుంచి చివరికి, చివరి నుంచి మొదటికి చదివాడు. రెండు ఊళ్లలో నిక్షేపంగా నడిచిన రాత మూడో ఊళ్లో ఎందుకు తప్పుతుంది?

పక్క బల్ల దగ్గర బసవేశ్వరరావు మాస్టారు ఏదో పాత పుస్తకం చూస్తున్నారు. అరవై ఎనిమిదేళ్లు. ఆ వయసులో ఐమాక్ మీద రెండు వేళ్లతో టైపు నేర్చుకున్న మనిషి.

"ఏమయ్యా ఇస్సాకూ, ఎక్కం మర్చిపోయిన పిల్లాడిలా కూర్చున్నావు?"

"మీ మిషను నాతో పోట్లాడుతోంది మాస్టారూ. తెనాలి లెక్క ఇక్కడ చెల్లదట."

"చెల్లదు మరి. ఇది రేపల్లె." మాస్టారు కళ్లజోడు పైకి తోసి పుస్తకం చూపించారు. "నేను నీకన్నా పెద్ద చిక్కులో ఉన్నాను. ఈ పుస్తకం రాసినాయన చెప్పిన సంవత్సరం చూడు. నేత్ర, వసు, అద్రి, చంద్ర. నేత్రాలు రెండు, వసువులు ఎనిమిది, అద్రులు ఏడు, చంద్రుడొక్కడు. ఎంతయింది?"

"రెండు వేల ఎనిమిది వందల డెబ్భై ఒకటి."

"ఆ శకం రావడానికి మనం ఇంకో వెయ్యేళ్ల దాకా బతకాలి. అలా కాదు. అంకానాం వామతో గతిః. అంకెలు ఎడమవైపుకు నడుస్తాయి. ముందు చెప్పింది ఒకట్ల స్థానం, చివర చెప్పింది వేల స్థానం. పదిహేడు వందల ఎనభై రెండు. పద్ధతి తెలిసినవాడికి అది తేదీ, తెలియనివాడికి పిచ్చి."

"మరి చిక్కేంటి మాస్టారూ?"

"పురుగు తిన్న చోట నేత్రమా, వేదమా అని. నీకెందుకులే."

ఇస్సాకు వినడం లేదు. అతని చేతులు అప్పటికే కీబోర్డు మీద ఉన్నాయి. ఒకటి అనే అంకెను నాలుగు బైట్ల పెట్టెలో పెట్టి, పెట్టెను అర అరగా తెరిచి చూపించే నాలుగు వరసల ప్రోగ్రాము కొట్టాడు. తెనాలి మిషను మీద ఒకటి మొదటి అరలో ఉంటుందని అతనికి తెలుసు. ఇక్కడ తెరిచాడు. సున్నా, సున్నా, సున్నా, చివరి అరలో ఒకటి.

"మాస్టారూ! తెనాలి, బాపట్ల మిషన్లు మీ శ్లోకం పద్ధతిలో దాచుకుంటున్నాయండి. చిన్న స్థానం ముందు. మీది మాత్రం మనం పలకమీద రాసినట్టు, పెద్ద స్థానం ముందు!"

"అంటే నా మిషను శ్లోకం చదువుకోలేదంటావా?" అన్నారు మాస్టారు నొచ్చుకుని.

తప్పు మిషనుది కాదు, ఇస్సాకుది. పని తొందరగా కావాలని నాలుగు బైట్లను ఒక్క గుక్కలో ఎత్తి అంకె అనుకున్నాడు. కేసులోంచి అచ్చులు గుప్పిట్లో ఎత్తి వరస పేర్చే స్టిక్కులో పోసినట్టు. ఏ కంపోజిటరైనా అలా చేస్తే మేస్త్రీ చెవి మెలిపెట్టేవాడు. ఆ వరస కొట్టేసి, బైట్లను ఒక్కొక్కటే ఏరి, ఏది ఏ స్థానమో తనే చెప్పి పేర్చేట్టు రాశాడు. ఇక మిషను ఏ చివర నుంచి దాచుకున్నా ‘సరి’కి సంబంధం లేదు.

ఖాళీ ఫైలు కలిసింది. మూడక్షరాలది కలిసింది. తిరుగు బండిలో ఇస్సాకు కిటికీ పక్కన కూర్చుని, పండబారుతున్న చేలను చూస్తూ, ఎదుటి సీటు ముసలాయన అడగకపోయినా వేరుశనక్కాయలు పెట్టాడు.

నవంబరు ఇరవై ఐదున మూడు ఊళ్లలోనూ ఫైళ్లన్నీ ‘సరి’ చేత చదివించారు. తెనాలి, బాపట్ల పట్టికలు అచ్చంగా ఒకటి. రేపల్లె పట్టికలో వెయ్యిన్ని తొంభై ఆరు సరి. పదహారు తేడా.

"బాబాయ్ గారూ, ఆ ఐమాక్‌తోనే మనకెప్పుడూ పేచీ," అంది వీణ ఫోనులో. "పదహారేగా. మీరు దిద్దిన ఆ ఎడమ కుడి గొడవే ఇంకా ఎక్కడో మిగిలి ఉంటుంది. రేపల్లె పట్టిక పక్కన పెట్టి మన రెండూ చూపిద్దాం."

"అంటే మిషన్ల తేడా అంటావు."

 ఆ మాట వీణకూ గుర్తుంది. "పోనీ మీరేమంటారు?"

"ఖాళీ ఫైలు అక్కడ సరిగ్గా వచ్చింది. వెయ్యి పైచిలుకు ఫైళ్లు సరిగ్గా వచ్చాయి. పనిముట్టు నిజమే చెబుతోందమ్మా. ఆ పదహారు ఫైళ్లూ మారాయి."

"మాస్టారు ఇరవయ్యో తేదీ తర్వాత ముట్టుకోనని మాటిచ్చారు కదండి?"

"అదే అడగాలి."

మాణిక్యాంబ అంతా విని, "ఆయన్ని అడిగితే నీ మీద పద్యం చెబుతాడు, జాగ్రత్త," అని పంపించింది.

పద్యం చెప్పలేదు గానీ అంతపనీ అయింది. "ఇస్సాకూ, నలభై ఏళ్లు పాఠం చెప్పాను. ముట్టుకోనన్న తర్వాత ముట్టుకోను. ఒక్క అక్షరం దిద్ది ఉంటే నా కలం విరిచేయ్. నీ మిషను నన్ను దొంగ అంటోందా?"

"మిషను ఏమీ అనలేదు మాస్టారూ. తేడా అంది, అంతే. చూద్దాం రండి."

పదహారు పేర్లూ కాగితం మీద రాసుకున్నాడు. రాస్తూ ఉండగానే కన్ను పట్టేసింది. అన్నీ ఒకటో నంబరు ఫైళ్లే. త ఒకటి, ద ఒకటి, ధ ఒకటి, న ఒకటి... హ ఒకటి. ప్రతి అక్షరానికీ మొదటి ఫైలు మాత్రమే. సైజులు తీశాడు. తెనాలి కాపీ కన్నా ప్రతిదీ సరిగ్గా నాలుగు బైట్లు ఎక్కువ. రెండు కాపీలు పక్కపక్కన పెట్టి పోల్చమంటే, మొదటి బైటు దగ్గరే తేడా ఉందంది మిషను.

త ఒకటి తెరిచాడు. నిఘంటువు మొదటి మాటకు పైన, వరస మధ్యన కూడా కాదు, ఎడమ అంచున బుద్ధిగా కూర్చుని ఉంది.

శ్రీ.

ఆ ఫాంటులో శ్రీకి మూడు బైట్లు. ఎంటరుకు ఒకటి. నాలుగు.

"మాస్టారూ," అన్నాడు ఇస్సాకు మెల్లిగా, "ఇది మీరు రాసిందేనాండి?"

"ఏది? శ్రీయా?" మాస్టారు ఆశ్చర్యంగా చూశారు. "రాయకపోతే ఎలా? ఒక్కసారి కళ్లతో చూసుకుందామని తెరిచాను. కొత్త అక్షరం మొదలవుతోంది, పైన శ్రీ లేదు. నువ్వు టైపు చేసిందిలే, తెలియదులే అనుకున్నాను. పెట్టాను."

"ముట్టుకోలేదన్నారు కదండి?"

"మాటల్ని ముట్టుకోలేదయ్యా! శ్రీ మాటేంటి? అది రాతలో లెక్కకు రాదు. చీటీ మీదైనా, చాకలి పద్దు మీదైనా ముందు శ్రీ రాసి తర్వాత మొదలుపెడతాం. కాగితం ఉన్నట్టే శ్రీ ఉంటుంది."

ఇస్సాకుకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. మాస్టారి మాటలో అబద్ధం లేదు. ఆయన కంటికి అది అక్షరం కాదు. తను ఐదేళ్ల నుంచి ఈ ఫైళ్లు చూస్తూ కూడా, ఇప్పుడు తెరిచినా, ‘సరి’ చెప్పి ఉండకపోతే తన కన్ను కూడా దాని మీదుగా జారిపోయేది.

"తీసేస్తావా?" అన్నారు మాస్టారు. గొంతులో ఇందాకటి దూకుడు లేదు.

"పదహారు చోట్ల తీసేయాలి మాస్టారూ. తీయకపోతే మూడు ఊళ్లూ కలవవు."

మాస్టారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇస్సాకు కీబోర్డు మీద వేళ్లు ఆనించాడు గానీ ఏ మీటా నొక్కలేదు. అతని ఇంట్లో శ్రీ రాయరు. ఆదివారం ప్రార్థనతో మొదలయ్యే ఇల్లు అది. కానీ పదిహేడేళ్లు ప్రెస్సులో మొదటి పేజీ ఫారం కట్టే ముందు, ఇత్తడి శ్రీ అచ్చును తన చేత్తోనే పెట్టేవాడు. అది మనిషి పనిని మొదలుపెట్టే పద్ధతి. పద్ధతిని కొట్టేయకూడదు, దానికి చోటు చూపించాలి.

"మాస్టారూ, ఈ పదకొండు వందల పన్నెండు ఫైళ్లకూ కలిపి పట్టిక ఒకటుందిగా. అది అన్నింటికన్నా ముందు తెరుచుకుంటుంది. దాని మొదటి వరసలో శ్రీ నేనే పెడతాను. ‘సరి’ చేతే రాయిస్తాను. మూడు ఊళ్లలోనూ."

"ఒక్క శ్రీ?"

"ఒక్కటే. కానీ పట్టిక చివర పట్టికకే ఒక చెక్‌సమ్ వేస్తాను, శ్రీతో సహా కలిపి. ఎవరైనా ఆ శ్రీని తీసేశారనుకోండి, మూడు ఊళ్లలోనూ తేడా అని పడుతుంది."

మాస్టారు ఇటు తిరిగారు. "తీయలేరంటావు."

"తీయొచ్చండి. దాచలేరు."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. "పదహారూ తీసెయ్," అన్నారు.

శ్రీని అక్షరంగా కాక మూడు బైట్ల అంకెలుగా కోడులో రాశాడు ఇస్సాకు. ఏ ఊరి కీబోర్డూ, ఏ మిషను ఎడిటరూ దాన్ని తన వాటంగా మార్చుకోవడానికి వీల్లేకుండా. మర్నాడు మూడు ఊళ్లలోనూ నడిపించారు. పట్టిక చివరి చెక్‌సమ్‌ను వీణ ఫోనులో చదువుతుంటే, తెనాలిలో మాణిక్యాంబ స్కేలు పెట్టి చూసింది. ముప్ఫై రెండూ అయ్యాక స్కేలు టేబుల్ మీద పడేసి, "ఇక ఈ స్కేలు పెళ్లికార్డులకే," అంది.

నవంబరు ముప్ఫై. బాపట్ల కాలేజీ కంప్యూటరు గదిలో నలుగురూ ఉన్నారు. మాస్టారు ఇస్త్రీ చేసిన ఉత్తరీయంతో వచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన సుందరయ్య తన లాప్‌టాప్ తనే తెచ్చుకున్నాడు.

"మీ మిషన్ల మీద మీకు సరిగానే వస్తుంది లెండి. నా దాని మీద చూపించండి," అన్నాడు.

ఇస్సాకు ‘సరి’ని లాప్‌టాప్‌లో వేసి, ముందు ఖాళీ ఫైలు, తర్వాత మూడక్షరాలు నడిపి, జేబులోని కాగితం తీసి పక్కన పెట్టాడు. సుందరయ్య పోల్చుకుని, "మీరెక్కడ చదివారండి?" అని అడిగాడు.

"అంగలకుదురు బళ్లోనండి. ఎనిమిది దాకా."

 సుందరయ్య ఫైళ్లనూ పట్టికనూ సీడీల్లోంచి లాప్‌టాప్‌లోకి ఎక్కించి, పట్టిక తెరిచాడు. వీళ్లు వాడిన తెలుగు ఫాంటు అతని మిషనులో లేదు. మొదటి వరసలో మూడు వంకర గుర్తులు కనిపించాయి. "ఇదేదో చెత్త పడింది మీ ఫైల్లో," అంటూ, ఎవరూ ఆపేలోపే ఆ వరస చెరిపేసి సేవ్ కొట్టాడు. అలవాటు. తర్వాత ‘సరి’ నడిపాడు.

తెర మీద ఒకే వరస పడింది. పట్టిక తేడా.

సుందరయ్య మొహం వెలిగింది. "చూశారా? నేను ముందే అనుకున్నాను. మొదటి సంపుటం కథే."

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. "నాయనా, మీరు ఇప్పుడు చెరిపింది ఏంటో తెలుసా? శ్రీ! శ్రీని తీసేసి పని కావాలంటే అవుతుందా? సాగనిచ్చాడా మా ఇస్సాకు?"

"శ్రీ ఏంటండి?" సుందరయ్య తెల్లబోయాడు.

వీణ తన మిషను మీద పట్టిక తెరిచి చూపించింది. పైన ఒక్కటే శ్రీ, గుండ్రంగా. మాణిక్యాంబ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు తీసింది మూడు గుర్తులు, ఒక ఎంటరు," అన్నాడు ఇస్సాకు, ఎవరి మీదా గెలిచినట్టు కాకుండా, ఉన్న మాట చెప్పినట్టు. "నాలుగు బైట్లు. పదకొండు వందల ఫైళ్లలో ఎక్కడ నాలుగు బైట్లు మారినా ఇలాగే చెబుతుందండి. సీడీలోంచి పట్టిక మళ్లీ ఎక్కించుకోండి."

సుందరయ్య మళ్లీ ఎక్కించాడు. ఈసారి ఏమీ ముట్టుకోకుండా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, నడపమని ఇస్సాకుకు జరిగి చోటిచ్చాడు. వరసలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. సరి, సరి, సరి. త దాటింది, ప దాటింది. మాస్టారు పెదవులతో లెక్కపెడుతున్నారు. మ, ర, వ. తెర చివర ఆగింది.

పదకొండు వందల పన్నెండు సరి. తేడా సున్నా. పట్టిక సరి.

గదిలో మొదట చప్పట్లు కొట్టింది మాణిక్యాంబ.

సుందరయ్య కుర్చీ ఇస్సాకు వైపు తిప్పాడు. "మా దగ్గర సంస్థలో ఇంకా రెండు రకాల మిషన్లున్నాయండి," అన్నాడు. "ఈ ప్రోగ్రాము అక్కడ కూడా..."

"రాత ఇస్తాను. ముందు ఖాళీ ఫైలుతో మొదలుపెట్టమనండి. అది కలవనిదే ముందుకు పోవద్దని చెప్పండి."

సుందరయ్య రసీదు రాశాడు. రెండో సంపుటం, పదకొండు వందల పన్నెండు ఫైళ్లు, మూడు చోట్లా సరిచూసినవి, అచ్చుకు స్వీకరించడమైనది. కింద సంతకం పెట్టబోతూ ఆగి, కాగితం పైకి వెళ్లి, అంచున చిన్నగా శ్రీ రాసి, అప్పుడు సంతకం పెట్టాడు.

ఇస్సాకు సీడీలు రెండూ తుడిచి, గుడ్డ సంచిలో పెట్టి, పైన రెండు వరసలున్న ఆ కాగితం మడిచి ఉంచి, సుందరయ్య చేతికి ఇచ్చాడు.